కారు స్పీకర్లో గరగర: డోరు విప్పే ముందు చెవి పెట్టండి

పోయిన వానాకాలంలో మా కారు ఎడమ ముందు డోరులోంచి గరగర మొదలైంది. శ్రీకాకుళంలో బయల్దేరి మడపాం టోల్ గేటు దాటేదాకా ఏమీ ఉండదు. అక్కడ కాస్త స్పీడు అందుకుని, పాటలో డోలు పడిందంటే చాలు, చిల్లుపడ్డ డప్పు కొట్టినట్టు మోత. ఒక కార్ డెకార్స్ షాపులో చూపిస్తే కుర్రాడు రెండు నిమిషాలు విని, "నాలుగు స్పీకర్లూ పోయాయండి, కంపెనీవి ఇంతే, మార్చేద్దాం" అన్నాడు. నాలుగూ ఒకేసారి ఎలా పోతాయి? అనుమానం వచ్చి ఆమదాలవలస రోడ్డులో పనిచేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆటో ఎలక్ట్రీషియన్. ఆయన స్క్రూడ్రైవర్ కూడా ముట్టుకోలేదు. పాట పెట్టమని, అరచెయ్యి డోరు లోపలివైపు మూతలా ఉండే ప్యాడ్ మీద ఆనించి గట్టిగా నొక్కాడు. మోత ఆగిపోయింది. చెయ్యి తీశాడు, మళ్ళీ మొదలు.

"స్పీకరుకేటీ అవలేదు మాస్టారూ, తలుపే పాడతంది" అన్నాడు.

ఆ రోజు నుంచి స్నేహితులు, బంధువుల కార్లలో ఇలాంటి మోతలు చాలానే వెతికాను. స్పీకరు నిజంగా పోయింది తక్కువసార్లే. కంపెనీ నుంచి వచ్చిన స్టీరియోలో తేడా శబ్దం వస్తే ఏ వరుసలో వెతకాలో కింద రాస్తున్నాను. సగం పని సీట్లో కూర్చునే అయిపోతుంది.

ముందు శబ్దానికి పేరు పెట్టండి

"సౌండు తేడాగా వస్తోంది" అని షాపులో చెబితే వాళ్ళకి తోచింది మారుస్తారు. శబ్దాలకు మన భాషలో పేర్లకేం కరువు లేదు కదా, వాడుకోండి. బేస్ పడినప్పుడల్లా గరగర, బరబర అంటే ఏదో వదులై కొట్టుకుంటోంది, లేదా స్పీకరు అట్ట (అదురుతూ శబ్దం చేసే ముందరి కోన్) చిరిగింది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ పైకి లేచి, వదిలితే దిగే కూత అంటే కరెంటు వైపు నుంచి వస్తోంది. పాట ఉన్నా లేకపోయినా ఒకేలా ఉండే బుస అంటే సిగ్నల్‌దో, సిస్టమ్‌దో. ఉండుండి చిటచిటమంటూ మధ్యలో సౌండు పోయి వస్తుంటే వైరునో, వైర్లని కలిపే కప్లర్‌నో అనుమానించాలి. వాల్యూమ్ పెంచితేనే గొంతు బొంగురుపోతుంటే అసలు జబ్బే కాకపోవచ్చు. కంపెనీ స్టీరియో మీద 50 వాట్లు ఇంటూ 4 అని రాసి ఉన్నా, నిలకడగా ఇచ్చేది స్పీకరుకి 15 నుంచి 20 వాట్ల దాకానే. అంతకు మించి అడిగితే అది పాట అంచులు కోసేసి పంపుతుంది. సెట్టింగుల్లో బేస్ రెండు మూడు మెట్లు దించి చూడండి. బొంగురు పోతే మీ పని అక్కడితో సరి.

సీట్లో కూర్చునే చేసే పరీక్షలు

మొట్టమొదట డోరు జేబులు ఖాళీ చేయండి. నవ్వొద్దు. వాటర్ బాటిల్, టోల్ రసీదులు, చిల్లర, ఎప్పుడో అరసవల్లి నుంచి తెచ్చిన కుంకుమ పొట్లం, కళ్ళజోడు డబ్బా అన్నీ తీసేయండి. మా బావగారి కారులో నెల రోజులు వెతికించిన మోత ఒక ఐదు రూపాయల బిళ్ళది.

తర్వాత ఇంజిన్ ఆపి, తాళం ఒక మెట్టు మాత్రమే తిప్పి అదే పాట పెట్టండి. శబ్దం ఇంకా ఉంటే ఇంజిన్‌కీ దానికీ సంబంధం లేదు. ఇంజిన్ ఆపగానే పోతే కింద డైనమో సంగతి చదవండి. కారు ఆగి ఉన్నప్పుడు లేకుండా రోడ్డు మీద మాత్రమే వస్తే, గతుకులకి ఏదో ఊగుతోందని అర్థం.

ఇప్పుడు సెట్టింగుల్లో బ్యాలెన్స్, ఫేడర్ తెరవండి. సౌండంతా ముందు ఎడమకి తోసి వినండి, తర్వాత ముందు కుడికి, వెనక రెండింటికీ. తేడా శబ్దం ఒక్క మూలే వస్తే చాలాసార్లు ఆ డోరు, ఆ వైరు, ఆ స్పీకరు, ఈ మూడింట్లో ఒకటి. నాలుగు మూలలా ఒకే రోగం ఉంటే డోర్లు విప్పడం దండగ. స్టీరియో, దాని పవరు, ఎర్త్, యాంటెన్నా చూడాలి.

పాట ఎక్కడి నుంచి వస్తోందో కూడా మార్చి చూడాలి. ఎఫ్‌ఎంలోనే ఉండి బ్లూటూత్‌లో లేకపోతే యాంటెన్నా వైపు వెళ్ళండి. బ్లూటూత్‌లోనే బుసగా ఉంటే చాలాసార్లు ఫోనులో వాల్యూమ్ సగంలో ఉండి, కారులో పూర్తిగా పెంచి ఉంటుంది. ఫోనుది బాగా పెంచి కారుది తగ్గించండి. ఫోనుని స్టీరియోకి కలిపే ఆక్స్ వైరుతోనే కూత వస్తే తప్పు ఆ వైరుదే అవుతుంది తరచుగా.

చివరగా వాల్యూమ్‌ను సున్నాకి దించండి. సున్నాలో కూడా కూతో బుసో అలాగే వినిపిస్తుంటే అది వాల్యూమ్ దాటిన తర్వాత కలుస్తోంది, అంటే ఆంప్లిఫయర్, స్పీకరు వైర్లు. వాల్యూమ్‌తో పాటు పెరిగి తగ్గుతుంటే పాట వచ్చే దారిలోనే కలుస్తోంది. ఈ ఒక్క పరీక్షతో వెతికే చోటు సగానికి సగం తగ్గిపోతుంది. షాపుల్లో దీన్ని చేసేవాళ్ళు అరుదు. ఏ పరీక్షలో ఏం విన్నారో ఒక కాగితం మీద రాసుకోండి, రేపు మెకానిక్ దగ్గరికి వెళ్ళాల్సి వచ్చినా అది పనికొస్తుంది.

ఇంజిన్‌తో పాటు పెరిగే కూత

ఆల్టర్నేటర్‌ని మన వైపు ఇప్పటికీ డైనమో అనే అంటారు. అది తయారుచేసేది ఏసీ కరెంటు. లోపల ఉన్న డయోడ్లు దాన్ని డీసీగా మారుస్తాయి. మార్చగా మిగిలిన చిన్న అలలు స్టీరియోలోకి దూరితే కూతగా వినిపిస్తాయి. ఇంజిన్ వేగం పెరిగితే అలలు దగ్గరపడతాయి, కూత స్వరం పైకి లేస్తుంది.

కానీ డైనమో మీద పడే ముందు సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చినవన్నీ పీకండి. చౌక రకం ఫోను ఛార్జర్, డ్యాష్‌క్యామ్, గాలి శుభ్రం చేసే బొమ్మ, అన్నీ. 12 వోల్టుల్ని 5 వోల్టులుగా దించడానికి ఛార్జర్ లోపలి సర్క్యూటు సెకనుకు వేల సార్లు ఆన్, ఆఫ్ అవుతుంది. వడపోత సరిగా లేని రకమైతే ఆ చెత్తంతా కారు వైరింగులోకే వదులుతుంది. ఫోను ఒకపక్క ఆ ఛార్జర్‌కీ, ఇంకోపక్క ఆక్స్ వైరుతో స్టీరియోకీ కలిపి ఉంటే ఎర్త్‌కి రెండు దారులు ఏర్పడి కూత ఖాయం. ఛార్జింగ్ పీకగానే కూత పోతే బ్లూటూత్‌కి మారిపోండి. ఆక్సే కావాలంటే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అని చిన్న డబ్బా దొరుకుతుంది, వైరు మధ్యలో పెట్టుకోవచ్చు. బేస్ కొంచెం పలచబడుతుంది, అంతే.

ఛార్జర్లు పీకినా కూత ఉంటే మల్టీమీటర్ తీయండి. ఇంజిన్ ఆపి కాసేపు ఆగాక మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపాలి. ఇంజిన్ నడుస్తుంటే మామూలుగా 13.5 నుంచి 14.7 మధ్య. కొత్త కార్లలో ఛార్జింగ్‌ను కంప్యూటరే పెంచి తగ్గిస్తుంది కాబట్టి కాస్త అటూ ఇటూ అయితే కంగారు వద్దు. ఇప్పుడు మీటర్‌ని ఏసీ వోల్టులకి తిప్పి, హెడ్‌లైట్లు వేసి, బ్యాటరీ మీదే కొలవండి. 0.1 వోల్టు లోపు ఉంటే డైనమో బాగున్నట్టే. అర వోల్టుకి చేరితే డయోడ్ పోయినట్టు, అప్పుడు స్టీరియో గొడవ పక్కనపెట్టి డైనమో చూపించండి. లేదంటే ఓ రాత్రి ఏ టెక్కలి దగ్గరో బండి ఆగిపోతుంది.

డైనమో బాగుంటే ఎర్త్. బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి వెళ్ళే లావు వైరు చివర చూడండి. కళింగపట్నం, భావనపాడు వైపు కార్లలో ఉప్పుగాలికి అక్కడ తెల్లగానో పచ్చగానో పొడి పట్టి ఉంటుంది. విప్పి, ఎమరీ కాగితంతో రుద్ది, గట్టిగా బిగించి పైన కాస్త వాజలైన్ రాయండి. లైట్లు, ఏసీ వేసి స్టీరియో ఎర్త్ వైరుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య డీసీ కొలిస్తే 0.1 వోల్టు కన్నా పెద్దగా ఎక్కువ ఉండకూడదు.

ఎఫ్‌ఎంలోనే అయితే

విశాఖ స్టేషన్లు శ్రీకాకుళంలో బుసబుసమంటే కారుని తిట్టకండి. సుమారు వంద కిలోమీటర్ల దూరం, పైగా ఎఫ్‌ఎం తరంగం భూమి వంపుతో పాటు వంగదు. విజయనగరంలో శుభ్రంగా వినిపించిన స్టేషనే ఇటు వస్తున్నకొద్దీ సన్నగిల్లుతుంది. ఒకే చోట పక్క కారులో బాగుండి మీదాంట్లో లేకపోతేనే అది రిపేరు.

పైన యాంటెన్నా పుల్ల వాటర్ వాష్‌లో విప్పి మళ్ళీ సగమే బిగించి ఉంటారు, ముందు దాన్ని చేత్తో తిప్పి చూడండి. తర్వాత బయట కొని పెట్టించుకున్న ఎల్ఈడీ బల్బులు ఆర్పి వినండి. పెట్రోలు కారులో ఇంజిన్ వేగంతో పాటు టకటక వస్తే స్పార్క్ ప్లగ్గులు. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గుల నంబర్లో ఆర్ అక్షరం ఉంటే లోపల రెసిస్టర్ ఉన్నట్టు, అది రేడియోలోకి వెళ్ళే గోలని అణుస్తుంది. ఎవరో చౌకగా ఆర్ లేనివి వేసి ఉంటే ఇదిగో ఇలా బయటపడుతుంది. డీజిల్ బండికి స్పార్క్ ప్లగ్గులే ఉండవు, వెతకొద్దు.

అమ్మ కీప్యాడ్ ఫోను డ్యాష్‌బోర్డు మీద పెట్టినప్పుడు, రింగు రావడానికి ఒక క్షణం ముందు స్పీకర్లో బుర్‌బుర్ మంటే అదీ రోగం కాదు. 2జీ ఫోను సెకనుకు 217 సార్లు ఆగి ఆగి సిగ్నల్ వదులుతుంది, ఆ లయే మనకి వినిపించేది. ఫోను జేబులో పెట్టుకుంటే సరి.

డోరు

ఇక్కడికొచ్చారంటే ఒక మూల నుంచే గరగర, ఇంజిన్‌తో సంబంధం లేదు, జేబులు ఖాళీ. కారు వారంటీలో ఉంటే ఇక చెయ్యి పెట్టకండి. శబ్దం వచ్చేటప్పుడు ఫోనులో వీడియో తీసి సర్వీసు సెంటర్‌లో చూపించండి. లేదంటే వాళ్ళ ముందు ఆ మోత రానే రాదు.

విప్పే ముందు పెద్దాయన చేసినట్టు అరచేతి పరీక్ష చేయండి. నెమ్మదిగా పైకెక్కే ఒకే స్వరం ఉన్న ఆడియోలు సైన్ స్వీప్ అని వెతికితే యూట్యూబ్‌లో దొరుకుతాయి. 30 నుంచి 200 హెర్ట్జ్ దాకా ఉన్నది చాలు. వాల్యూమ్ మధ్యస్థంగానే ఉంచండి, ఎక్కువసేపు మోగిస్తే స్పీకరు లోపలి తీగచుట్ట, అదే కాయిల్, వేడెక్కుతుంది. ఏదో ఒక స్వరం దగ్గర మోత లేస్తుంది. అక్కడ ఆపి స్పీకరు జాలీ, చేతులు ఆనించే చోటు, హ్యాండిల్ గిన్నె, గ్లాసు స్విచ్చుల పలక, గ్లాసు అంచు రబ్బరు ఒక్కొక్కటే నొక్కండి. ఏది నొక్కితే ఆగిందో అక్కడ ఓ ముక్క టేపు అతికించి గుర్తు పెట్టుకోండి. గ్లాసు సగం దించి ఒకసారి, పూర్తిగా ఎత్తి ఒకసారి వినండి. సగం దించినప్పుడే మోగితే గ్లాసు పట్టాలో వదులుంది.

ఇప్పుడు విప్పడం. గ్లాసు పూర్తిగా ఎత్తి, తాళం తీసేసి, 10 నంబర్ స్పానర్‌తో బ్యాటరీ మైనస్ తీసి కొన్ని నిమిషాలు ఆగండి. కొన్ని స్టీరియోలు బ్యాటరీ తీస్తే కోడ్ అడుగుతాయి, అది దగ్గరుందో లేదో ముందే చూసుకోండి. లోపల ఎక్కడైనా పసుపు రంగు కప్లర్ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌ది, ముట్టుకోకండి. హ్యాండిల్ వెనక, చెయ్యి ఆనించే చోట చిన్న మూతల కింద స్క్రూలు దాక్కుని ఉంటాయి. ఒక్కోటి తీసేముందు ఫోటో తీయండి. అవన్నీ తీశాక ప్యాడ్‌ని కింది అంచు నుంచి ప్లాస్టిక్ పుల్లతో లేపుకుంటూ రావాలి, ఇనుప స్క్రూడ్రైవర్ పెడితే పెయింటు పోతుంది. టప్పుమని క్లిప్పులు వదులుతాయి. రెండు మూడు విరుగుతాయి కూడా, ముందే నాలుగు కొత్తవి తెచ్చి పెట్టుకోండి. చివర్లో ప్యాడ్‌ని పైకి ఎత్తితే గ్లాసు అంచు నుంచి ఊడుతుంది. స్విచ్చుల వైరు, హ్యాండిల్ కేబుల్ ఇంకా తగిలే ఉంటాయి. ప్యాడ్‌ని వాటికి వేలాడదీయకండి.

మా డోరులో అప్పుడు కనబడింది అసలు దొంగ. ప్యాడ్‌కీ ఇనుముకీ మధ్య ఒక ప్లాస్టిక్ షీటు ఉంటుంది, నల్లటి జిగురుతో చుట్టూ అతికించి. గ్లాసు మీద నుంచి జారిన వాననీరు కారు లోపలికి, ప్యాడ్ మీదికి రాకుండా ఆపేది అదే. రెండు నెలల ముందు గ్లాసు ఇరుక్కుంటే ఒక మెకానిక్ డోరు విప్పాడు. షీటుని అడ్డంగా చింపి, పని అయ్యాక అలాగే మడిచి వదిలేశాడు. కింది మూల ఊడి స్పీకరు వెనక గాలికి రెపరెపలాడుతోంది. డోలు పడినప్పుడల్లా గాలిపటం తోకలా కొట్టుకునేది. అక్కడే డోరు అడుగున నీళ్ళు కూడా నిలిచి ఉన్నాయి. అడుగు అంచులో ఉండే మూడు చిల్లులు ఎర్రమట్టితో మూసుకుపోయాయి.

షీటుని తుడిచి ఆరబెట్టి, బ్యూటైల్ టేపుతో (జిగురుగా ఉండే రబ్బరు టేపు) చుట్టూ తిరిగి అతికించాలి, చిరిగిన చోట మందపాటి పాలిథిన్ ముక్క అతుకు వేయాలి. మామూలు నల్ల ఇన్సులేషన్ టేపు మన మే నెల ఎండకి జిగురు కారి ఊడిపోతుంది, అది వద్దు. చిల్లుల్లో సన్నటి పుల్లతో మట్టి తీయండి, వాటిని మాత్రం ఎప్పుడూ మూయకండి. వేలాడే వైర్లకి, లాక్ కడ్డీకి గుడ్డ టేపు చుట్టండి. స్పీకరు స్క్రూలు బిగించండి, కానీ ప్లాస్టిక్ చట్రం వంగేంతగా కాదు. ప్యాడ్ లోపలివైపు మెరిసిన గీతలు ఎక్కడున్నాయో చూడండి. రాసుకుంటున్న చోటే మెరుస్తుంది. అక్కడ ఒక ఫోమ్ ముక్క. డోరంతా అదురు తగ్గించే డ్యాంపింగ్ షీట్లు వేయించమని షాపుల్లో అంటారు, అందులో లాభం లేకపోలేదు గానీ, రెపరెపలాడే షీటుకి అది మందు కాదు.

స్పీకరు మీద తీర్పు

డోరు విప్పి ఉండగానే స్పీకరుని దగ్గర నుంచి చూడండి. అట్ట చుట్టూ ఉండే మెత్తటి అంచు చిరిగిందా, అట్ట మీద నీటి మరకలున్నాయా? రెండు బొటనవేళ్ళు ఎదురెదురుగా పెట్టి అట్టని సమంగా, మెల్లగా లోపలికి తోయండి. మెత్తగా వెళ్ళి రావాలి. గరుకుగా రాసుకున్నట్టు తెలిస్తే కాయిల్ పక్కకి ఒరిగిందో, సందులో ఏదో దూరిందో. మన తీరం ఇసుకలో నల్ల రవ్వలుంటాయి, ఇల్మనైట్ లాంటి బరువైన ఖనిజాలవి. వాటిలో అయస్కాంతానికి పట్టేవీ ఉంటాయి. బీచ్‌లో డోర్లు తీసి ఉంచితే అవి స్పీకరు అయస్కాంతం చుట్టూ చీమల్లా పట్టేస్తాయి. బయట పట్టినవాటిని సెల్లో టేపుతో అద్ది తీయొచ్చు. కాయిల్ సందులోకి వెళ్ళినవి రావు.

కప్లర్ పీకి, గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్‌ని స్పీకరు రెండు కాళ్ళకి ఒక్క క్షణం తాకించండి. టక్కుమని అట్ట కదిలితే కాయిల్ బతికే ఉంది. మీటర్‌తో కొలిస్తే 4 ఓముల స్పీకరు 3 నుంచి 4 మధ్య చూపుతుంది. అసలు చూపకపోతే కాయిల్ తెగింది, సున్నాకి దగ్గరైతే షార్ట్. ఇంకా అనుమానం ఉంటే ఎడమ, కుడి స్పీకర్లని మార్చి పెట్టండి. మోత స్పీకరుతో పాటు అటు వెళ్ళిందా, దానిదే తప్పు. ఇటే ఉండిపోయిందా, స్పీకరుది కాదు, వైరో డోరో చూడాలి.

వైరు అయితే డోరు కబ్జాల దగ్గర మడతల రబ్బరు గొట్టం చూడండి. తెరిచి మూసినప్పుడల్లా లోపలి తీగలు అక్కడే వంగుతాయి, ఏళ్ళ తరబడి వంగి వంగి తెగుతాయి. పాట పెట్టి డోరుని మెల్లగా ఊపండి, చిటచిటమంటే అదే చోటు. ఎలుక కొరికినా ఇంచుమించు ఇలాగే ఉంటుంది, ఇంటి ముందు ధాన్యం బస్తాలుంటే అదీ చూడాలి.

ఒక్క హెచ్చరిక. స్పీకరు మైనస్ వైరుని బాడీకి కలిపితే బాగవుతుందని ఎవరైనా చెబితే వినకండి. ఇప్పటి స్టీరియోల్లో రెండు స్పీకరు వైర్ల మీదా బాడీతో పోలిస్తే 6 వోల్టుల దాకా ఉంటుంది. ఏదో ఒకటి బాడీకి తగిలితే ఆంప్లిఫయర్ చిప్ పోవచ్చు. ఆ రెండు వైర్ల మధ్య మాత్రం పాట లేనప్పుడు దాదాపు సున్నా ఉండాలి. ఒకటో రెండో వోల్టులు నిలకడగా చూపిస్తే స్టీరియోనే రిపేరుకివ్వాలి, ఎన్ని కొత్త స్పీకర్లు పెట్టినా కాల్చేస్తుంది.

స్పీకరు మార్చాల్సే వస్తే సైజు, ఓములతో పాటు లోతు కూడా కొలవండి. అయస్కాంతం పొడుగైతే గ్లాసు దిగేటప్పుడు తగులుతుంది.

తిరిగి బిగించేటప్పుడు మొదట స్విచ్చుల కప్లర్, హ్యాండిల్ కేబుల్ పెట్టండి. బ్యాటరీ తగిలించి గ్లాసు దించి ఎత్తి, లాక్ వేసి తీసి చూశాకే క్లిప్పులు కొట్టండి.

అన్నీ బిగించి మర్నాడు నరసన్నపేట వెళ్తూ అదే పాట పెట్టాను. మడపాం, వంశధార వంతెన రెండూ దాటాను, ఎడమ డోరు నోరెత్తలేదు. కానీ వెనక నుంచి సన్నగా టిక్కుటిక్కు. బండి పక్కకి ఆపి చూస్తే ఖాళీగా వేలాడుతున్న సీటు బెల్టు బకిల్ ప్లాస్టిక్‌కి కొట్టుకుంటోంది. సీటు మీదున్న తువ్వాలు దాని వెనక దోపి బయల్దేరాను.